కుమ్మరి సారె ముందు కూర్చునే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది. ధ్యానానికి కూర్చుంటే మనసు నిలవడం లేదనీ, అందుకే తెల్లవారుజామున నడకకు వెళ్తూ, వారానికి రెండు రోజులు కుండలు చేయడం నేర్చుకుంటున్నాననీ, అయినా లోపల ఏమీ కదలడం లేదనీ రాశావు. ముప్పై ఏళ్ళుగా ఈ రెంటినీ వదలకుండా చేస్తున్నదాన్ని కనుక, నాకు తెలిసినంత చెబుతాను.

రాలిన ఆకు కనబడగానే అనిత్యత గురించి, పారే నీరు కనబడగానే కాలం గురించి పుస్తకంలో రాసుకుంటున్నానన్నావు. ఆ మాటలు నువ్వు ఇంటి నుంచి వెంట తీసుకువెళ్ళినవే తల్లీ. కొన్నాళ్ళు ఆ పుస్తకాన్ని ఇంట్లోనే ఉంచి వెళ్ళు. రోజూ ఒకే దారిలో, ఒకే వేళకు నడువు. కొత్త దారి కంటికి వేడుకే గానీ, మార్పు కనిపించేది పాత దారిలోనే. వాన వెలిశాక బాట పక్కన గుంట ఆరుతుంటే రోజూ కాసేపు ఆగి చూడు. బురద పై పొర ముందుగా ఆరి కుంచించుకుపోతుంది, కింది పొర తడిగానే ఉండి దానితో కలిసిరాదు. ఆ లాగులాటలో నేల పలకలు పలకలుగా బీటలువారి, ఒక్కొక్క పలక అంచులు పైకి లేస్తాయి.

నేను దీన్ని ఏళ్ళ తరబడి చూశాను. ఏ వేదాంతమూ తోచలేదు. ఒకనాడు నేను చేసిన పళ్ళెం ఎండలో ఆరి అంచులు లేచి వంకరపోయినప్పుడు, ఆ గుంట నా కళ్ళ ముందుకు వచ్చింది. అప్పటి నుంచి అంచుకు గుడ్డ కప్పి, ఆరడం మొదలయ్యాక పళ్ళేన్ని బోర్లించి, అడుగూ అంచూ ఒక్క తీరుగా ఆరేలా నీడలో ఉంచుతున్నాను. మన లోపల కూడా ఇదే జరుగుతుందని నా నమ్మకం. విన్నది వెంటనే అర్థం చేసుకునే తెలివి అంచులాంటిది, అది ముందే ఆరిపోతుంది. అడుగున ఉన్న భయాలు, బెంగలు ఇంకా తడిగానే ఉంటాయి. వాటి కోసం తెలివిని కొంతకాలం కప్పి ఉంచాలి. పుస్తకం ఇంట్లో పెట్టమన్నది అందుకే.

సారె మీద ముద్ద నడిమికి రావడం లేదని బాధపడ్డావు. నీ చేయి ముద్దతో పాటు ఊగినంతసేపూ ముద్ద కూడా ఊగుతూనే ఉంటుంది. మోచేతులను తొడలకు గట్టిగా ఆనించి, ఊపిరిని నెమ్మదింపజేసి, చేతులను ఒక్కచోట నిలుపు. తిరుగుతున్న ముద్దే వచ్చి ఆ చేతుల్లో కుదురుకుంటుంది. కుదిరాక చేతులు చటుక్కున తీయకు, మెల్లగా వదులు. నిలవని మనసును గురించి ఇంతకంటే మంచి ఉపాయం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. పాత్రలో తడి పోయిందో లేదో తెలియాలంటే దాన్ని చెంపకు ఆనించాలి. చల్లగా తగిలితే లోపల ఇంకా నీరున్నట్టే. ఒకరికి కానుకగా ఇవ్వాలనుకున్న మందపాటి కుండ ఒకటి అలా చల్లగా తగిలినా, గడువు ముంచుకొస్తోందని తెలిసి తెలిసే కుండలు కాల్చే ఆవంలో పెట్టాను. వేడి 100 డిగ్రీలకు చేరేసరికి లోపలి నీరు ఆవిరై, బయటికి దారి దొరకక కుండను పగలగొట్టింది. ఆ పెంకుల దెబ్బకు పక్కనే ఉన్న నా స్నేహితురాలి గిన్నెలు రెండు పోయాయి. ఆమె ఒక్క మాట అనలేదు. నా తొందర వల్ల నష్టం నాకు మాత్రమేనని అంతవరకూ అనుకుంటూ వచ్చినదాన్ని, ఆమె ముందు తల ఎత్తలేకపోయాను.

కనుక మొదటి మూడు నెలలూ ఏదీ కాల్చవద్దు. పచ్చికుండ ఎంత చెడినా నీళ్ళలో నానితే మళ్ళీ మట్టే. ఆవంలో సుమారు 600 డిగ్రీలు దాటాక మట్టి రేణువుల్లో కలిసిపోయి ఉన్న నీరు కూడా విడిపోతుంది, ఆ తరువాత ఎన్నాళ్ళు నానబెట్టినా అది తిరిగి మట్టి కాదు. చేసిన ప్రతి గిన్నెనూ సాయంత్రం తీగతో నిలువునా కోసి, గోడ ఎక్కడ మందమైందో, ఎక్కడ పలచబడిందో చూసుకుని తొట్టిలో వేసెయ్యి. బాగా వచ్చినదాన్ని కోసేటప్పుడు చేయి వెనకాడుతుంది. ఆ వెనకాడిన క్షణంలో కాసేపు ఊరికే కూర్చో, ఆ తరువాత కోయి.

వచ్చే నెల నేను వచ్చినప్పుడు ముందుగా ఆ తొట్టి చూపించు. ఇద్దరం కలిసి మట్టి పిసుకుదాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ