ఎంబ్రేయర్ విమానం కోసం శిక్షణ క్లాస్ తేదీని వాయిదా వేసుకోవచ్చా?

చిత్తూరు నుంచి మీరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది: అమెరికాలో స్థిరపడిన మీ తమ్ముడికి 24 ఏళ్ల వయసులో ఒక రీజినల్ ఎయిర్‌లైన్‌లో, అంటే పెద్ద కంపెనీల తరఫున చిన్న విమానాలు నడిపే సంస్థలో, ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల మొదలయ్యే కొత్త పైలట్ల శిక్షణ క్లాసులో చేరితే 50 సీట్ల సీఆర్‌జే 200 విమానం అంటగడతారేమోనని భయం. ఆ పై నెల దాకా ఆగితే అంతకంటే పెద్దదైన ఎంబ్రేయర్ 175 దొరకవచ్చని ఎవరో ఆశ పెట్టారు. అతని భార్య ఉద్యోగం డల్లాస్‌లో. ఆగాలా, చేరిపోవాలా అని అడిగారు. ఆగవద్దు, చేరిపొమ్మనండి. ఎందుకు ఇంత కచ్చితంగా అంటున్నానో నా అనుభవంతోనే చెబుతాను.

నేను తిరుపతి బైరాగిపట్టెడలో పెరిగి, అలాంటి కంపెనీలోనే ఆరేళ్లు పనిచేసినవాణ్ణి. నాకు మొదట ఇచ్చిన క్లాస్ తేదీ తర్వాత సరిగ్గా పది రోజులకు తిరుచానూరులో మా చెల్లెలి పెళ్లి ముహూర్తం పడింది. తేదీ మార్చమని అడిగితే, నియామకాలు చూసే ఆవిడ ఎంతో మర్యాదగా, దానిదేముంది, తర్వాత చేరవచ్చునని చెప్పారు. చేరేసరికి ఆరు వారాలు ఆలస్యమైంది, ఆలోగా రెండు క్లాసులు గడిచి 47 మంది నాకు ముందు సీనియారిటీ జాబితాలోకి ఎక్కారు. ఆ 47 మంది కంపెనీలో ఉన్నంత కాలం ప్రతి నెలా, ప్రతి పండుగకూ, ప్రతి సెలవుకూ తమకు కావలసిన డ్యూటీలను నాకు ముందే ఎంచుకున్నారు. అంతకంటే బాధించినది కెప్టెన్ పదోన్నతి: ఆ రెండు క్లాసులలో చివరి వ్యక్తి పేరు వచ్చిన తర్వాత పదోన్నతి శిక్షణలు అయిదు నెలలు ఆగిపోయాయి. చెల్లెలి పెళ్లికి వెళ్లినందుకు నాకు విచారమేమీ లేదు, కానీ దాని ధర ఎంతో ఆ రోజు నాకు ఎవరూ చెప్పలేదు. పెళ్లి కోసం చెల్లించిన ధరను మీ తమ్ముడు ఒక విమానం కోసం చెల్లించడం నాకు సబబుగా తోచడం లేదు.

చేరిన తేదీని బట్టి నంబరు ఇచ్చే ఈ సీనియారిటీ పద్ధతిని మా అమ్మకు వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌తో పోల్చి చెప్పాను: ఎవరు ముందు కంపార్ట్‌మెంటులోకి వెళ్లారో వాళ్లే ముందు, బయటికి వస్తే మళ్లీ చివరి నుంచే. ఆమె అంతా విని, "మరి బ్రేక్ దర్శనానికి ఇచ్చినట్టు సిఫారసు లెటర్ ఏదీ ఉండదా?" అని అడిగింది. ఉండదు. పనితీరు బాగుందని ఒకరిని ముందుకు జరపడం, నచ్చలేదని వెనక్కి నెట్టడం అక్కడ కుదరదు. ఏ బేసు (డ్యూటీ మొదలయ్యే ఊరు), ఏ విమానం, కెప్టెన్ కూర్చునే ఎడమ సీటా కో-పైలట్ కుడి సీటా, ముందే ఖరారైన నెలవారీ డ్యూటీల పట్టిక అయిన లైన్ దొరుకుతుందా, పిలుపు కోసం ఫోన్ పక్కన కూర్చునే రిజర్వ్ మిగులుతుందా, మనుషులను తగ్గించే రోజున ముందుగా ఎవరు ఇంటికి వెళ్లాలి అన్నవన్నీ ఆ ఒక్క నంబరు మీదే నడుస్తాయి.

ఒకే రోజు చేరినవారిలో ఎవరు ముందన్నది కంపెనీని బట్టి మారుతుంది. చాలాచోట్ల వయసులో పెద్దవారిది ముందు నంబరు, కొన్నిచోట్ల మన ఆధార్ లాంటి సోషల్ సెక్యూరిటీ నంబరులోని చివరి నాలుగు అంకెలు చూస్తారు, మరికొన్నిచోట్ల చీటీలు తీస్తారు. వయసు లెక్కయితే 24 ఏళ్ల మీ తమ్ముడు ఏ క్లాసులో చేరినా దాదాపు చివరనే ఉంటాడు. మొదటి రోజుల్లోనే ఖాళీల జాబితా పెట్టి, నంబరు వరుసలో ఎంచుకోమంటారు. పైవాళ్లు ఎంచుకోగా మిగిలినదే అతనిది. ఆ పై నెల ఎంబ్రేయర్ ఖాళీలు ఉన్నా, అవి అతని వంతు వచ్చేదాకా మిగులుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

విమానం విషయంలో నేను చేసిన పొరపాటు మరొకటి ఉంది. చేరినప్పుడు నాకు 31 ఏళ్లు కాబట్టి 22 మంది క్లాసులో వయసు లెక్కన ఎంచుకునే వరుసలో నాలుగో స్థానం నాది. కొత్త కాక్‌పిట్, ఇంజిన్ల శక్తిని తానే సర్దుకునే ఆటోథ్రాటిల్, బంధువులకు ఫొటోలో చూపించుకోదగ్గ రూపం అన్నీ చూసి ఎంబ్రేయర్ తీసుకున్నాను. మా క్లాసులో అందరికంటే చిన్నవాడికి సీఆర్‌జే 200 మిగిలింది. దానికి ఆటోథ్రాటిల్ ఉండదు, కిటికీలు ఎంత కిందికి ఉంటాయంటే ప్రయాణికులు మెడ వంచి చూడాలి, ఎండాకాలంలో నేల మీద ఉన్నంతసేపూ ఉడికిపోవాలి. అందుకే పాతవాళ్లందరూ వీలైనంత త్వరగా దాన్ని వదిలి పోయేవారు, వాళ్లు పోయిన కొద్దీ అతను పైకి జరిగాడు. మూడు నెలల్లో అతనికి లైన్ దొరికింది, నేను పదకొండు నెలలు రిజర్వ్‌లోనే కూర్చున్నాను. మొత్తం కంపెనీలో మీ నంబరు ఒకటి, మీరు ఉన్న బేసులో, ఆ విమానంలో, ఆ సీటులో మీ స్థానం మరొకటి. రోజువారీ బతుకును నిర్ణయించేది రెండోదే.

ఇది సౌకర్యానికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. అమెరికా నిబంధనల ప్రకారం ఎయిర్‌లైన్‌లో కెప్టెన్ కావాలంటే సాధారణంగా ముందు ఎయిర్‌లైన్ సర్వీసులో 1000 గంటల అనుభవం ఉండాలి. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలిన తర్వాత జరిగిన మార్పులలో, పైలట్‌గా చేరడానికే సాధారణంగా 1500 గంటలు నడిపి ఉండాలని 2013లో అమలైన నియమంతో పాటు, ఇదీ వచ్చింది. రిజర్వ్‌లో కూర్చున్నవాడికి కనీస గంటల జీతం వస్తుంది గానీ, నడిపిన గంటలు రాసుకునే లాగ్‌బుక్ నిండదు. నాకంటే ఏడేళ్లు చిన్నవాడైన ఆ అబ్బాయి నాకంటే ముందే వెయ్యి గంటలు పూర్తిచేశాడు. కింది నంబరు కావడం వల్ల పదోన్నతి వరుసలో నా తర్వాతే ఉండవలసినవాడు, నాకు గంటలు చాలని ఒక విడతలో నన్ను దాటి కెప్టెన్ అయ్యాడు.

విమానం కంటే బేసుకే ఎక్కువ విలువ ఇవ్వమని మీ తమ్ముడికి చెప్పండి. ఇల్లు ఒక ఊళ్లో, బేసు మరో ఊళ్లో ఉంటే ఖాళీ సీటు కోసమో, కాక్‌పిట్‌లోని అదనపు సీటైన జంప్‌సీటు కోసమో ఎదురుచూస్తూ డ్యూటీకి చేరాలి, రిజర్వ్ రోజుల్లో ఎనిమిది మంది పంచుకునే గదిలో పడుకోవాలి. డల్లాస్‌లో ఇల్లుండి నేను షికాగో బేసులో ఏడాదిన్నర చేసిన పని అదే. అతనికి డల్లాస్‌లో ఏ విమానం వచ్చినా, అది సీఆర్‌జే 200 అయినా సరే, తీసుకోవాలన్నది నా అభిప్రాయం. ఒక్కటి మాత్రం ముందే కనుక్కోమనండి: ఎంచుకున్న విమానం, సీటు నుంచి మారకుండా ఎంతకాలం కట్టిపడేస్తారన్నది పైలట్ల కాంట్రాక్టులో రాసి ఉంటుంది.

ఈ నంబరు ఒక కంపెనీ గోడలు దాటి రాదు. 2020 ఏప్రిల్‌లో ట్రాన్స్ స్టేట్స్, కంపాస్ అనే రీజినల్ ఎయిర్‌లైన్లు మూతపడినప్పుడు ఎన్నో ఏళ్ల సీనియారిటీ ఉన్న కెప్టెన్లు కూడా మరో కంపెనీలో చివరి నంబరు నుంచే మొదలుపెట్టవలసి వచ్చింది. పెద్ద ఎయిర్‌లైన్‌కు మారినా అంతే, అక్కడా మొదటి రోజు అడుగునే. ఎన్వాయ్, పీఎస్‌ఏ, పీడ్‌మాంట్ వంటి అమెరికన్ ఎయిర్‌లైన్స్ సొంత సంస్థల నుంచి మాతృసంస్థకు పైలట్లను పంపే ‘ఫ్లో’ అనే ఏర్పాటు మాత్రం సీనియారిటీ వరుసలో సాగుతుంది. మీ తమ్ముడి కంపెనీలోనూ అలాంటి ఏర్పాటు ఉంటే ఒక్క నెల ఆలస్యం అతని వెంట ఇంకా దూరం వస్తుంది.

క్లాసు మొదటి రోజుకు ముందే బేసు, విమానం జతలను తనకు నచ్చిన వరుసలో, చివరి జత దాకా, ఒక కాగితం మీద రాసుకుని భార్యతో ఒకసారి మాట్లాడుకోమనండి. మా క్లాసులో పేరు పిలిచాక ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషం కూడా ఇవ్వలేదు.