జెరెకలు వచ్చాయా, వచ్చారా?

సందేహం: నేనొక ఫాంటసీ నవల రాస్తున్నాను సార్, మాది సోంపేట దగ్గర. అందులో మనుషులు కాని ఒక జాతి ఉంది, పేరు జెరెక్. ఇవి నీళ్ళలో గుడ్లు పెడతాయి, పెద్దయ్యేదాకా ఆడా మగా తేడా ఉండదు, చక్కగా మాట్లాడతారు, ఇళ్ళు కట్టుకుంటారు. "మూడు జెరెక్‌లు గట్టు మీదకి వచ్చాయి" అని రాస్తే ఫ్రెండు చదివి "ఇవేం జంతువులా" అన్నాడు. "ముగ్గురు జెరెక్‌లు వచ్చారు" అని మారిస్తే "అయితే మనుషులే కదా, కొత్తేముంది" అంటున్నాడు. ఏది కరెక్టు? ఇంకోటి, వీళ్ళ భాష కోసం మా వైపు కొండల్లో గిరిజనులు మాట్లాడే సవర మాటలు తీసుకుందామనుకుంటున్నాను, బయట ఎవరికీ తెలీవు కదా, వాడొచ్చా? మొదటి అధ్యాయం జత చేశాను.

సమాధానం: ముందు మీ ఉత్తరంలోనే ఒకటి చూపిస్తాను. "గుడ్లు పెడతాయి" అని మొదలుపెట్టారు, అదే వాక్యాన్ని "మాట్లాడతారు, ఇళ్ళు కట్టుకుంటారు" అని ముగించారు. గుడ్ల దగ్గర మీకు జంతువు కనపడింది, మాటల దగ్గరికి వచ్చేసరికి మనిషి కనపడ్డాడు, చెయ్యి దానంతటదే మారిపోయింది. తెలుగు పుట్టుకతో వచ్చినవాళ్ళు ఎవరు రాసినా ఇలాగే అవుతుంది, ఎందుకంటే ఎవరు ఏ లెక్కలోకి వస్తారో మనం క్రియ చివర్లోనే చెప్పెయ్యాలి, తప్పించుకునే దారులు బాగా తక్కువ. ఇంగ్లీషులో రాసేవాళ్ళకి బహువచనంలో ఈ బాధ లేదు, మనుషులైనా గొర్రెలైనా 'దే' అనేస్తే సరిపోతుంది. అందుకని కొత్త జాతిని పుట్టించేటప్పుడు చెవులెలా ఉంటాయి, చర్మం ఏ రంగు అన్నవాటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదేనని నా అభిప్రాయం, ఈ కథ చెప్పేవాడు వీళ్ళని 'రు'లో పెట్టాడా 'యి'లో పెట్టాడా అన్నది.

వ్యాకరణంలో దీనికి మహత్తు, మహతి, అమహత్తు అని పేర్లు. మగవాళ్ళు మహత్తు, ఆడవాళ్ళు మహతి, మిగతావన్నీ అమహత్తు. ఏకవచనంలో ఆడమనిషికీ ఆవుకీ క్రియ ఒకటే, 'వచ్చింది'. బహువచనంలోకి రాగానే ఆడవాళ్ళు మగవాళ్ళతో కలిసి 'వచ్చారు' అయిపోతారు, ఆవులు 'వచ్చాయి' దగ్గరే ఉండిపోతాయి. బళ్ళో చెప్పేది ఇంతవరకే. మీకు కావాల్సింది ఆ తర్వాతది. ఈ గీత ఒంటిని చూసి పడదండీ. రామాయణం చెప్పేటప్పుడు "వానరులు వారధి కట్టారు" అంటాం. గుడి మెట్ల మీద చేతిలో అరటిపండు పట్టుకుపోతే అవి వానరాలు, "పట్టుకుపోయాయి". మాట ఒకటే, తోకా అదే, ముఖమూ అదే, బహువచనం దగ్గర మాత్రం వానరులు వేరు, వానరాలు వేరు అయిపోయాయి. జాంబవంతుడు ఎలుగుబంటి అని చిన్నపిల్లలకీ తెలుసు, అయినా "జాంబవంతుడు చెప్పాడు" అనే అంటాం. దయ్యం ఒకప్పుడు అచ్చంగా మనిషే, మాట్లాడుతుంది, పేరు పెట్టి పిలుస్తుంది, పగ కూడా తీర్చుకుంటుంది, అయినా "దయ్యాలు తిరుగుతున్నాయి" అంటామే తప్ప తిరుగుతున్నారు అనం. అంటే మాటొచ్చినంత మాత్రాన 'రు' రాదు. చెప్పేవాడు వాళ్ళని తనతో సమానంగా కూర్చోబెట్టుకుంటాడా, వాళ్ళతో పొత్తు కుదురుతుందా, అదీ లెక్క.

కాబట్టి రెండూ కరెక్టే, ఏది రాస్తే ఆ అర్థం వస్తుంది. మీ ఫ్రెండు "మనుషులే కదా" అన్నదానికి జవాబు వానరులే. "వానరులు కట్టారు" అని విని అక్కడ కట్టింది మనుషులనుకున్నవాళ్ళు ఎవరూ లేరు. కొత్తదనం వాళ్ళు చేసే పనుల్లోంచి రావాలి, దాన్ని క్రియ చివర వెతికితే దొరకదు. నన్నడిగితే మీ నవల్లో కథ చెప్పే గొంతుకి 'రు' ఖాయం చెయ్యండి, 'యి' ని పాత్రల నోట్లో పెట్టండి. ఉదాహరణకి మీ గట్టు సీనే తీసుకుందాం, అక్కడ కాపలా ఉన్న ముసలాయన "ఒరే, మూడు జెరెకలొచ్చినాయిరా, బేగి కర్ర తే" అని కేకేస్తాడు, వాళ్ళతో ఆడుకున్న మనవరాలు పక్కనుంచి "మూడు కాదు తాతా, ముగ్గురు" అంటుంది. ఊళ్ళో ఎవరు ఎటువైపో ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది, మీరు పేజీ వివరణ రాయక్కర్లేదు. తర్వాత ఎప్పుడో ఆ ముసలాయన నోటే 'వచ్చినారు' అని వస్తే చదివేవాళ్ళు అక్కడ తప్పకుండా ఆగుతారు. తెలుగులో రాసేవాళ్ళకి ఊరికే దొరికిన వరం ఇది, దీన్ని వాడుకోకుండా వదిలేస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కాకపోతే ఒక నోట్లో ఒకటే పద్ధతి ఉండాలి, క్రియ ఒక్కటి మారిస్తే సరిపోదు, మొత్తం కట్ట మారాలి. 'రు' అయితే ఎంతమంది, ఎవరు, వాళ్ళు, ఇద్దరు, ముగ్గురు, ఇలా ఏడుగురు దాకా వెళ్ళి ఎనిమిది నుంచి మంది. 'యి' అయితే ఎన్ని, ఏవి, అవి, రెండు, మూడు. మీరు పంపిన అధ్యాయంలో ఒకచోట "నాలుగు జెరెక్‌లు వచ్చి కూర్చున్నారు" అని ఉంది, అది మాత్రం ఎటూ కాకుండా పోయింది.

ఆడా మగా కాని పిల్లల సంగతి. బహువచనంలో ఇబ్బందే లేదు, 'వచ్చారు'లో ఆడ మగ తేడా తెలీదు. ఏకవచనంలోనే చిక్కు, 'వచ్చాడు' అంటే మగ అయిపోతుంది, 'వచ్చింది' అంటే ఆడో జంతువో అవుతుంది. దీనికి మంచి దారి ఏంటంటే ఆ పిల్ల జెరెక చేతే కథ చెప్పించడం. నేను వచ్చాను, నువ్వు వచ్చావు, వీటిల్లో లింగం ఉండదు. హిందీలో 'నేను వచ్చాను' అనాలన్నా ఆయా, ఆయీ అని తేలిపోతుంది, మనకి ఆ గొడవ లేదు. ఒక అధ్యాయం అంతా 'నేను' తో నడిపితే ఆ పిల్ల ఎవరో పాఠకుడికి చివరిదాకా తెలియకుండా రాసెయ్యొచ్చు. మూడో మనిషిగా చెప్పక తప్పని చోట పేరు పెట్టి, "వచ్చిన ఫలానా" అని విశేషణంగా తిప్పితే కొంతదూరం నడుస్తుంది గానీ ఎక్కువసేపు నడిపితే కృతకంగా ఉంటుంది.

ఇంకా లోతుకి వెళ్తానంటే, జెరెకలు తమ భాషలో లోకాన్ని ఎలా పంచుకుంటారో కూడా ఆలోచించండి. అందరూ మనలాగే పంచాలని లేదు. తమిళంలో ఏకవచనంలోనే వందాన్, వందాళ్, వందదు అని మూడు. అంత దూరం ఎందుకు, మన కొండల్లో ఉన్న కువి, కూబి కూడా తెలుగులాగే ద్రావిడ భాషలే, వాటిలో బహువచనంలో కూడా ఆడవాళ్ళు మగవాళ్ళ వైపు రారు, మిగతావాటితోనే ఉంటారు. కూబి భాష మీద భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి పుస్తకం 1969లో వచ్చింది, దొరికితే చూడండి. ఒకే కుటుంబంలో, పక్కపక్క ఊళ్ళలో ఇన్ని రకాల పంపకాలుంటే నీళ్ళలో పుట్టిన జాతి "తడిగా ఉన్నవి, ఎండినవి" అని పంచుకుంటే ఎవరు కాదంటారు?

ఇక పేరు. జెరెక్ అని హల్లుతో ఆపితే ప్రతి విభక్తి దగ్గరా తట్టుకుంటుంది, జెరెక్‌లు, జెరెక్‌కి, జెరెక్‌తో. మన నోరు దాన్ని అలా ఉండనివ్వదు. బస్ ని బస్సు చేశాం, పెన్ ని పెన్ను చేశాం, కార్ ని కారు చేశాం, హ్రస్వం తర్వాతైతే హల్లు ఒత్తుతుంది, దీర్ఘం తర్వాతైతే ఒత్తదు. ఆ లెక్కన జనం నోట్లో ఇది జెరెక్కు అవుతుంది, జెరెక్కుకి అనాల్సొస్తుంది. దానికన్నా మీరే జెరెక అని పెట్టెయ్యండి, జెరెకలు, జెరెకకి, జెరెకతో, హాయిగా నడుస్తుంది, అందుకే నేను పైనంతా అలాగే రాశాను. సున్నాతో ఆగే పేరు మాత్రం వద్దు, జెరెకం అంటే జెరెకాలు అవుతుంది, వానరాల్లాగా నేరుగా 'వచ్చాయి'లో పడిపోతుంది.

సవర మాటల దగ్గర నా జవాబు వద్దు అనే. "ఎవరికీ తెలీవు" అన్నారు, సవర మాట్లాడేవాళ్ళకి తెలుసు కదండీ, వాళ్ళు మీ జిల్లాలోనే ఉన్నారు, వాళ్ళ పిల్లలు తెలుగు చదువుకుంటున్నారు, రేపు మీ నవలా చదువుతారు. ఇంట్లో అమ్మ మాట్లాడే మాట మనుషులు కాని జాతి నోట్లో కనపడితే ఆ పిల్లకి ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు ఆ భాష నేర్చుకుని దానికి వాచకాలు, నిఘంటువు తయారుచేశారు, వాళ్ళ పిల్లలు వాళ్ళ మాటలోనే చదువుకోవాలని. ఆ మాటల్ని కథకి రంగుల్లాగా వాడటం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. సవర పాత్రనే పెట్టి, తెలిసినవాళ్ళని అడిగి సరిగ్గా రాస్తే సంతోషం, అది వేరు. మీ జాతికి మాటలు మీరే పుట్టించండి, ముందు ఏ శబ్దాలు ఉండవో తేల్చుకుంటే పని సులువవుతుంది. నీళ్ళలో బతికేవాళ్ళకి పెదవులు గట్టిగా మూతపడవు అనుకుందాం, అప్పుడు ప, బ, మ లు వాళ్ళ మాటల్లో ఉండకూడదు, మన మాటలు పలకాల్సి వచ్చినప్పుడు 'బాబు' ని ఏదోలా మార్చుకుని పలుకుతారు. ఎలా పలుకుతారో మీరు తేల్చండి, నూరు మాటల జాబితా కన్నా ఆ ఒక్క నియమం మీకు ఎక్కువ పనికొస్తుంది.

చివరగా చిన్నది, మీరు అడగలేదు గానీ. అధ్యాయం పొడుగునా "చిత్తడి నేల ప్రాంతం" అని రాశారు. సోంపేట వాళ్ళు దాన్ని బీల అంటారు కదా, చిన్న ఏరుని గెడ్డ అంటారు. జెరెకలు ఉండేది బీలలో, ఈదుకుంటూ వచ్చేది గెడ్డలో అని మార్చి ఆ గట్టు సీను ఒకసారి పైకి చదివి చూడండి.