ఆఫర్ కాల్‌లో జీతం గురించి తడబడకుండా మాట్లాడాలంటే ఎలా ప్రాక్టీస్ చేయాలి?

గురువారం హెచ్‌ఆర్ కాల్ ఉందని, టెక్నికల్ రౌండ్లన్నీ బాగానే చేసినా జీతం మాట వచ్చేసరికి నోరు పెగలదని రాశారు. నాదీ ఇదే పరిస్థితి. 2019లో హైదరాబాద్‌లో మొదటిసారి కంపెనీ మారినప్పుడు ఎంత కావాలని అడిగితే, "మీ స్టాండర్డ్ ప్రకారం ఎంతైనా ఓకే అండి" అనేశాను. చేరాక తెలిసింది, పక్క సీట్లో అదే పని, అంతే అనుభవం ఉన్నతనికి నాకన్నా నెలకు పదకొండు వేలు ఎక్కువని. జీతం పడిన ప్రతిసారీ అది గుర్తొచ్చి బాధేసేది.

2022లో మళ్లీ మారేటప్పుడు మా అక్కతో ప్రాక్టీస్ చేశాను. అక్కకు విజయవాడలో చీరల షాపు ఉంది. ఐటీ తెలియదు గానీ బేరం బాగా తెలుసు. "నేనేం అడిగినా కుదరదనే అను" అని చెప్పి, పక్క గదిలోంచి ఫోన్ చేయించుకుని రికార్డు చేశాను. తర్వాత వింటే నా గొంతు నాకే నచ్చలేదు. "అంటే... ఒక పద్నాలుగు... మీకు వీలు కాకపోతే పదమూడైనా..." అక్క ఇంకా నోరు విప్పలేదు, అప్పుడే నేను లక్ష తగ్గించేశాను!

"ధర చెప్పాక ఊరుకోవాలిరా. వాళ్లు ఆలోచించుకుంటుంటే నువ్వే తగ్గిస్తే ఇంకెందుకిస్తారు?" అంది. అప్పటినుంచి అంకె చెప్పి మనసులో పది లెక్కపెట్టడమే ప్రాక్టీస్. మొదటిరోజు నాలుగు దాటలేకపోయాను. మూడోరోజుకు కుదిరింది.

కాల్ ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి ఆ ఒక్క వాక్యం ఇంగ్లిష్‌లోనే, బయటికి వినపడేలా అనుకోండి: "ఐ యామ్ లుకింగ్ ఫర్ ఫోర్టీన్ లాక్స్ ఫిక్స్‌డ్." చివర "ఈజ్ దట్ ఓకే?" అని తగిలించకండి.

ఫిక్స్‌డ్ (అంటే జీతంలో కచ్చితంగా వచ్చే భాగం) అన్న మాట మాత్రం మర్చిపోవద్దు. 2022లో నాకు మొదట వచ్చిన ఆఫర్ 12 లక్షల సీటీసీ, అంటే కంపెనీ ఏడాదికి నామీద పెట్టే మొత్తం ఖర్చు. కాగితం మీద వేసి చూస్తే అందులో ఏడాదికి వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చేది) 1,20,000, కంపెనీ కట్టే పీఎఫ్ 21,600, గ్రాట్యుటీ దాదాపు 23 వేలు. నెలనెలా మన వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 కూడా పోతే, ఇన్‌కమ్ ట్యాక్స్ సంగతి పక్కనపెట్టినా నెలకు చేతికొచ్చేది 84 వేల చిల్లర. లక్ష వస్తుందనుకుని అద్దె ఇల్లు కూడా చూసుకున్నాను అప్పటికి.

అసలు కాల్‌లో హెచ్‌ఆర్ ఆమె "మా బడ్జెట్ ఇంతే" అంది. నా అంకె చెప్పి ఆగాను. అరచేతులు చెమటలు పట్టాయి. కాసేపటికి "మేనేజర్‌తో మాట్లాడి చెబుతాను" అంది. రెండు రోజుల తర్వాత ఫిక్స్‌డ్ పన్నెండున్నర, జాయినింగ్ బోనస్ లక్ష అని మెయిల్ వచ్చింది. అడిగిన పద్నాలుగు రాలేదు, అయినా సంతోషంగా ఒప్పుకున్నాను. బోనస్ ఇస్తే మాత్రం, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలనే షరతు ఉందేమో చూసుకోండి. నాకు ఉంది.

మీకు ఇంకా మూడు రోజులుంది. మొహమాటపడకుండా "కుదరదు" అనగలిగే మనిషిని ఒకరిని పట్టుకుని, ఈ రాత్రే ఒక కాల్ చేయించుకోండి. రికార్డు చేసి వినండి. ఎక్కడ తగ్గారో మీకే వినపడుతుంది.