పాప పాకే ఇంటికి ఫినాయిల్ ఘాటు ఎందుకమ్మా

చి. సౌ. అమ్మడికి, పెద్దమ్మ ఆశీస్సులు.

పాప పాకుతోందని బెంగళూరు మారతహళ్లి ఫ్లాట్‌లో రెండు పూటలా ఫినాయిల్ వేసి తుడిపిస్తున్నావట, మీ అమ్మ చెప్పింది. వాసన వస్తేనే ఇల్లు శుభ్రంగా ఉన్నట్టు కాదు తల్లీ. పాప చేతులు నేల మీదే, ఆ చేతులే నోట్లో. బకెట్ నీళ్లలో కాస్త గిన్నెల సబ్బు కలిపి తుడిపించి, మళ్లీ ఉత్త నీళ్లతో తుడిపిస్తే చాలు.

నాకు టెన్షనంతా మీ బాత్‌రూమ్ గురించే. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు కదా, కుళాయిలకీ టైల్స్‌కీ తెల్లగా పొర కడుతుంది. అది వదలాలని యాసిడ్ పోసి, దాని మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లేవాళ్లు చాలామంది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. కొన్న టాయిలెట్ క్లీనర్లలోనూ చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడే. మీ పనమ్మాయిని కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పు, ఆ గాలి ముందు పీల్చేది తనే. పొరపాటున కలిసి ఘాటు వస్తే, కడుగుదామని వంగొద్దు, అందరూ బయటికి వచ్చేయండి. దగ్గు, ఆయాసం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఆ తెల్ల పొరకి నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్, చాలు. అరలీటరు వేడినీళ్లలో రెండు చెంచాలు కలిపి, పాత బనీను గుడ్డ అందులో ముంచి కుళాయికి చుట్టు. అరగంటయ్యాక విప్పి పాత బ్రష్‌తో రుద్దు, మెత్తబడి వదిలేస్తుంది. దీన్నీ బ్లీచింగ్‌తో కలపకు. మార్బుల్ మీద అసలు పోయకు, మెరుపు పోతుంది. వంటసోడాలో వెనిగర్ పోస్తే నురగ బాగానే వస్తుంది కానీ, రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. స్టవ్ జిడ్డుకి సోడా ఒక్కటే తడిగుడ్డతో రుద్దు.

పాప బట్టల మధ్య కలరా ఉండలు ఉంటే ఈ రోజే తీసెయ్. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండే పసివాళ్లకి, ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు వస్తాయి. పాపకి ఆ లోపం ఉందో లేదో మనకి పైకి తెలియదు. ఆ బట్టలు ఉతికి, ఎండలో బాగా ఆరేశాకే తొడుగు. అరలో ఎండిన వేపాకు పెట్టుకో.

మిగిలిన యాసిడ్, ఫినాయిల్ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి సింకు కింద పెట్టకు. దాహమేసి ఎవరైనా తాగేస్తారు. అసలు సీసాల్లోనే ఉంచి, పై అరలో పెట్టి తాళం వేసుకో.