మేస్త్రీకి గుత్తకిచ్చినా బాధ్యత నీదే అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. నువ్వు చెట్లు కొట్టే పని సొంతంగా మొదలుపెట్టావని, రెండు మిషన్ రంపాలు కొన్నావని, కూకట్‌పల్లి వైపు అపార్ట్‌మెంట్ల వాళ్లు వానలు రాకముందే కొమ్మలు తీయించమని పిలుస్తున్నారని చెప్పింది. సంతోషం. ఆఖర్లో "వాడికేం భయం లేదన్నయ్యా, ఇన్సూరెన్స్ కూడా కట్టాడు" అంది చూడు, నాకు టెన్షన్ అక్కడ మొదలైంది. ఏం ఇన్సూరెన్స్ అంటే ఆమెకి తెలియదు. నీక్కూడా సరిగ్గా తెలియదనే నా అనుమానం, ఎందుకంటే ఈ పనిలో ఇరవై రెండేళ్లున్న నాకు మొదటి ఎనిమిదేళ్లు తెలియలేదు.

ఎలా తెలిసిందో చెప్తా విను. అల్వాల్‌లో ఒక పెద్ద నిద్రగన్నేరు, కొమ్మలు ఇంటి మీదకి వంగాయి. నా మనుషులు నలుగురూ వేరే చోట ఉన్నారని తెలిసిన మేస్త్రీకి గుత్తకిచ్చేశా. అతను ఆరుగురిని తెచ్చాడు, అందులో ఇద్దరు ఆ పొద్దున అడ్డా మీద దొరికినవాళ్లని నాకు తర్వాత తెలిసింది. కొమ్మకి మోకు కట్టారు గానీ కింద ఉన్నవాడు దాన్ని చెట్టు మొదలుకి రెండు చుట్లు తిప్పకుండా ఉత్త చేతుల్తో పట్టుకున్నాడు. కొమ్మ తెగింది, మోకు జారింది, కొమ్మ ఊగి పక్కింటి ప్రహరీని కూల్చి అవతల ఆపిన కారు మీద పడింది. ఆ ఊపుకి పైనున్న కుర్రాడు పట్టు తప్పి కింద పడ్డాడు. బతికాడు, నడుం మాత్రం పోయింది.

ఆ సాయంత్రం నుంచి మేస్త్రీ ఫోన్ స్విచాఫ్.

పాలసీ ఉంది కదా అని ధీమాగా కంపెనీకి వెళ్లా. వాళ్లు నా ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం మనం రాసిచ్చే దరఖాస్తు, తీసి చూపించారు. "గార్డెన్ మెయింటెనెన్స్, నలుగురు పనివాళ్లు" అని ఉంది. ప్రీమియం తగ్గుతుందని ఏజెంట్ అలా రాశాడు, నేను చదవకుండా సంతకం పెట్టా. రంపం లేదు, చెట్టు ఎక్కడం లేదు, మేస్త్రీ మనుషుల ఊసే లేదు. క్లెయిమ్ ఇవ్వలేదు. ఘట్‌కేసర్ దగ్గర కొన్న ప్లాటు అలా పోయింది, మీ అత్త ఇప్పటికీ ఆ రోడ్డులో వెళ్తే నాతో మాట్లాడదు.

మనం పని ఇంకొకడికి అప్పజెప్పినా, అతని కూలీకి దెబ్బ తగిలితే పరిహారం మన దగ్గరే అడగొచ్చని చట్టం. పనివాళ్ల పరిహారానికి 1923లో చేసిన పాత చట్టంలోనూ ఉంది, దాని స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంది. ఇంటాయన వ్యాపారం చెట్లు కొట్టడం కాదు, నీ వ్యాపారం అదే, అందుకని నువ్వు దొరుకుతావు. నువ్వు కట్టాక మేస్త్రీ దగ్గర రాబట్టుకోవచ్చు అంటారు, నిజమే, రాబట్టడానికి అతని దగ్గర ఏమైనా ఉంటే. పైగా రంపం నీది, మోకు నీది, ఏ కొమ్మ ముందు కొట్టాలో చెప్పేది నువ్వు, రోజు కూలీ లెక్కన డబ్బిచ్చేది నువ్వు అయితే అతన్ని సబ్‌కాంట్రాక్టర్ అని ఎవడూ ఒప్పుకోడు, వాళ్లంతా నీ మనుషులే అంటారు.

ఎంతవుతుందో కూడా చూడు. ముప్పై ఏళ్లవాడు చనిపోయాడనుకో (నోట్లో మాట నోట్లోనే ఉండనీ), లెక్కలోకి తీసుకునే నెల జీతం 15,000 అయితే సగం 7,500, దాన్ని చట్టంలో ఆ వయసుకి రాసి ఉన్న 207.98తో గుణిస్తే 15,59,850 రూపాయలు. నీ రెండు రంపాలూ ట్రాలీ ఆటో అమ్మినా రాదు.

మనవాళ్లలో ఒక అలవాటుంది, "ఏం జరిగినా ఓనర్‌కి సంబంధం లేదు" అని బాండ్ పేపర్ మీద వేలిముద్ర వేయించుకుంటారు. ఆ కాగితం చెల్లదు. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ఇంటివాళ్ల చేతిలో డబ్బు పెట్టేసి రాజీ అనుకోవడం ఇంకో పొరపాటు. మనిషి చనిపోయిన కేసులో పరిహారం లేబర్ శాఖ అధికారి దగ్గర డిపాజిట్ చేయాలి, నేరుగా ఇచ్చినది పరిహారం కింద లెక్కకి రాదు, కొంత అడ్వాన్సు తప్ప. అంటే రెండుసార్లు కట్టే రాత. దానికి తోడు నువ్వు కంపెనీకి చెప్పకుండా తప్పు ఒప్పేసుకుని ఇంత ఇస్తానని మాటిస్తే, పాలసీ షరతు తప్పావని వాళ్లు చేతులెత్తేయొచ్చు. ఆస్పత్రికి చేర్చు, ఖర్చు పెట్టు, ఇంటివాళ్లకి ధైర్యం చెప్పు, అదే రోజు కంపెనీకి మెయిల్ కొట్టు, ఫోటోలు తీయించు. మొత్తం ఎంతన్న మాట మాత్రం ఎత్తకు.

ఇక పాలసీలు. నీకు రెండు వేరువేరుగా కావాలి. ఒకటి పనివాళ్లది, ఏజెంట్లు ఇప్పటికీ వర్క్‌మెన్ కాంపెన్సేషన్ అనే అంటారు. అందులో సబ్‌కాంట్రాక్టర్ల మనుషులు వాళ్లంతట వాళ్లు రారు, అదనపు ప్రీమియం కట్టి రాయించుకోవాలి. ఏడాదికి వాళ్లకిచ్చే కూలీ కూడా కలిపి చూపించు, దాచకు. ఆలస్యానికి పడే వడ్డీ, పెనాల్టీ మామూలుగా పాలసీలో ఉండవు, అవి నీ జేబులోంచే. ఆస్పత్రి ఖర్చు కూడా ఉందో లేదో విడిగా అడుగు.

రెండోది బయటివాళ్లకి జరిగే నష్టానికి, అంటే ప్రహరీ, కారు, దారిన పోయేవాడు. ఇక్కడ పేరు చూసి మోసపోకు. 1991 చట్టం కింద ఇచ్చే పబ్లిక్ లయబిలిటీ పాలసీ ప్రమాదకరమైన రసాయనాలు వాడే వాళ్ల కోసం, అది అంటగడితే నీకు పైసా ఉపయోగం లేదు. పరిశ్రమలు కాని వ్యాపారాలకిచ్చేది అడుగు. ఒక్క ప్రమాదానికి ఎంత, ఏడాది మొత్తానికి ఎంత, రెండు అంకెలూ చూడు. రోడ్డు మీద నీ ట్రాలీ ఎవర్నైనా గుద్దితే ఇది పనిచేయదు, దానికి బండి ఇన్సూరెన్సే. రెండు ఫారాల్లోనూ పని పేరు దగ్గర "చెట్టెక్కి మిషన్ రంపంతో కొమ్మలు తీయడం, చెట్లు కొట్టడం, సబ్‌కాంట్రాక్టర్లతో కూడా చేయించడం" అని ఉన్నదున్నట్టు రాయించు. ప్రీమియం పెరుగుతుంది. పెరగనీ, ఆ మేరకు రేటు పెంచు.

నువ్వు కూడా చెట్టెక్కుతావు కదా, ఓనర్‌వి కాబట్టి ఆ మొదటి పాలసీలో నువ్వు లేవు. నీకు విడిగా పర్సనల్ యాక్సిడెంట్ తీసుకో. కుర్రాళ్లందరి బ్యాంకు ఖాతాల్లో ప్రధానమంత్రి సురక్షా బీమా పెట్టించు, ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే 2 లక్షలు. అది నీ బాధ్యతని తీర్చదు, వాళ్ల ఇంటికి మాత్రం అక్కరకొస్తుంది.

మేస్త్రీకి పనిచ్చే ముందు అతని పాలసీ కాపీ అడుగు, తేదీలు చూడు, పని పేరు చూడు. లేదంటే అతని మనుషుల్ని నీ పాలసీలో చూపించి ఆ ఖర్చు గుత్తలో కోసుకో, ముందే చెప్పి. పొద్దున ఎవరెవరు వచ్చారో పేర్లు రాసి ఆధార్ ఫోటో తీసుకోకుండా ఎవర్నీ చెట్టు ఎక్కనివ్వకు. కల్లు వాసన వస్తే వెనక్కి పంపు, మొహమాటం వద్దు. 11 కేవీ కరెంటు తీగ పక్కన ఉంటే లైన్‌మన్ "కానీండి" అన్న నోటి మాట సరిపోదు, ఎల్సీ, అంటే లైన్‌లో కరెంటు ఆపామని ఇచ్చే లైన్ క్లియర్, తీసుకున్నాకే రంపం స్టార్ట్ చేయాలి. చెట్టు మొత్తం కొట్టేదైతే వాల్టా (నీరు, నేల, చెట్ల చట్టం) పర్మిషన్ కాగితం ఇంటాయన చేత ముందే తెప్పించు. ఆ ఫైన్లకి ఏ కంపెనీ డబ్బులివ్వదు.

ఈ రాత్రికి నీ పాలసీ ఫోటో తీసి వాట్సాప్ చెయ్. మొదటి పేజీ ఒక్కటే పంపకు, సంతకం పెట్టిన ప్రపోజల్ ఫారం కూడా కావాలి. అది నీ దగ్గర లేదంటే రేపు పొద్దున పనికి పోకుండా ఏజెంట్ ఇంటికి పో.

మీ మావయ్య