వేసవి షికార్లకు బొంత: దూది వద్దు, పాత నూలు చీరలు చాలు

మామిడితోటలోనో, సముద్రపు ఒడ్డునో, మేడ మీదో పరుచుకుని నలుగురు కూర్చునే బొంత ఒకటి సొంతంగా కుట్టుకోవాలని ఉందని రాశారు. లోపల దూది పెట్టాలా ఫోమ్ షీటు పెట్టాలా, చేత్తో కుట్టాలా మిషను మీద కుట్టాలా, వేసవి సెలవుల లోపల పూర్తవుతుందా అని కూడా అడిగారు. మా మేనత్త దగ్గర ఈ పని నేర్చుకుని, ఇంట్లోవాళ్ళకూ బంధువులకూ ఏళ్ళ తరబడి బొంతలు కుడుతున్న అనుభవంతో చెబుతున్నాను: వేసవి బొంతకు దూదీ అక్కర్లేదు, ఫోమూ అక్కర్లేదు. బాగా వాడి మెత్తబడిన నూలు చీరలను మూడు పొరలుగా పరిచి, దగ్గర దగ్గరగా కుట్టుకుంటే చాలు.

బయట పరుచుకునే బొంత మీద పులిహోర నూనె, మామిడిపండ్ల రసం, పిల్లల కాళ్ళ మట్టి పడక మానవు కనుక, ఇంటికి రాగానే దాన్ని ఉతకక తప్పదు. దూది పెట్టినదాన్ని ఉతికితే లోపల ఉండలు కడుతుంది. బూరుగు దూది అయితే మరీనూ. పైగా లోపలి తడి ఒక పట్టాన ఆరక ముక్క వాసన పడుతుంది. పొరల బొంతను ఇద్దరు చెరో కొసా పట్టుకుని పిండి ఆరేస్తే మే నెల ఎండకు సాయంత్రానికల్లా ఆరిపోతుంది. ఫోమ్ సంగతికి వస్తే, అది చెమట పీల్చదు, గాలి ఆడనివ్వదు, మడత కూడా సరిగా పడదు. తడి పైకి రాకుండా మధ్యలో ప్లాస్టిక్ పట్టా పెట్టి కుట్టేయమని కొందరు సలహా ఇస్తారు గానీ, అలా చేస్తే ఉతకడానికీ వీలుండదు, కూర్చోవడానికీ హాయి ఉండదు. నేల తడిగా ఉంటే పట్టాను వేరుగా కింద పరుచుకోండి.

కొలతల విషయంలో చీరే మనకు సాయం చేస్తుంది. జాకెట్టు ముక్క తీసేస్తే ఐదున్నర మీటర్లుండే చీరను మూడు సమాన ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 72 అంగుళాల పొడవు వస్తుంది. పన్న, అంటే గుడ్డ వెడల్పు, సుమారు 45 అంగుళాలు కాబట్టి రెండు ముక్కలు పక్కపక్కన కలిపితే 72 అంగుళాలకు 90 అంగుళాల పొర తయారవుతుంది. అంటే రెండు చీరలకు సరిగ్గా మూడు పొరలు వస్తాయి. అయితే మూడు పొరల అతుకులూ ఒకేచోట పడితే అక్కడ గట్టు కట్టి, కూర్చున్నప్పుడు ఒత్తుకుంటుంది. అందుకని మధ్య పొరకు ఒక ముక్కను పన్న మధ్యకు నిలువుగా రెండుగా చేసి, నిండు ముక్కకు అటొకటి ఇటొకటి అతకండి. అతుకులు పక్కలకు జరిగిపోతాయి. జరీ అంచులుంటే ముందే కత్తిరించెయ్యండి, అవి గుచ్చుకుంటాయి.

బొంతను గడ్డి నేల మీద పరిచే అలవాటుంటే అడుగు పొరకు చీర బదులు దగ్గర నేతగల పాత చేనేత దుప్పటి వాడడం మంచిది. పల్లేరు కాయలూ ఉత్తరేణి గింజలూ పలచని చీరలోకి దిగినంత సులువుగా అందులోకి దిగవు. పైపొరకు ముదురు రంగు, నిండు అచ్చు ఉన్న గుడ్డ ఎంచుకోండి, ఎందుకంటే మామిడి సొన మరక ఎంత ఉతికినా వదలదు. పెడన కలంకారీ గుడ్డ నాకు ఇష్టం. కొత్త గుడ్డ పైన వేసేటట్లయితే దాన్ని రెండుసార్లు నానబెట్టి ఉతికి ఆరేశాకే కొయ్యండి; లేకపోతే మొదటి ఉతుకులోనే అది కుంచించుకుపోయి, ఇంతకుముందే కుంచించుకున్న పాత పొరలు ముడతలు పడతాయి. తెల్లగుడ్డ తడిపి రుద్ది, రంగు దిగుతుందేమో కూడా చూసుకోండి. పాత చీరలకైనా గంజి పూర్తిగా పోవాలి, గంజి గుడ్డలో సూది సాఫీగా నడవదు.

తుడిచిన గచ్చు మీద పొరలు ఒకదానిమీద ఒకటి పరిచి, అరచేతితో మధ్య నుంచి అంచులకు సవరించుకుంటూ, జానెడు జానెడు దూరంలో కచ్చా కుట్లు, అంటే తరువాత తీసేసే వదులు కుట్లు, వేయండి. నిజానికి బొంత బాగుండడం, బాగుండకపోవడం ఇక్కడే తేలిపోతుంది కాబట్టి ఈ పనిలో తొందర పడవద్దు. తరువాత కుట్టు వరుసలకు గీతలు. మా మేనత్త దారానికి సుద్దముక్క రుద్ది, ఒక కొస నన్ను పట్టుకోమని, రెండో కొస తాను బిగించి, మధ్యలో వేళ్ళతో పైకి లాగి టప్పున వదిలేది. గుడ్డ మీద సన్నని తెల్లగీత నిటారుగా పడేది. స్కేలుతో ఏడున్నర అడుగుల గీత అంత తిన్నగా రాదు. వరుసకూ వరుసకూ మధ్య రెండు అంగుళాలు ఉంచితే మొత్తం 35 వరుసల దాకా వస్తాయి, నూరు మీటర్లకు తక్కువ కాకుండా దారం పడుతుంది.

దారం నూలుదే వాడండి. పాలిస్టర్ దారం గట్టిదే గానీ, లాగుడు పడినప్పుడు అది తెగక, అరిగిన గుడ్డే చిరగవచ్చు. తెగితే దారం తెగాలి తప్ప చీర చిరగకూడదు, ఎందుకంటే తెగిన కుట్టును మళ్ళీ వేసుకోవడం పది నిమిషాల పని. దారాన్ని కొవ్వొత్తి మైనం మీదుగా ఒకసారి లాగి, రెండు మూరలకు మించకుండా తీసుకుంటే చిక్కుపడదు. దబ్బనం జోలికి పోవద్దు, అది పెట్టే చిల్లులు పాతగుడ్డలో పూడవు. మామూలు చేతిసూదిలో కాస్త లావుది చాలు.

మిషను మీద కుట్టవచ్చు, గట్టిగానే ఉంటుంది. అయితే మిషను కింది పళ్ళు అడుగు పొరను ముందుకు లాగుతుంటే, పైన గుడ్డను నొక్కిపట్టే పాదం పైపొరను వెనక్కి పట్టేస్తుంది కనుక పొరలు జరిగిపోతాయి. పాదం ఒత్తిడి తగ్గించి, 16 నంబరు సూది వేసి, కుట్టు పొడవు పెంచి, మధ్య వరుసతో మొదలుపెట్టి అంచులవైపు వెళ్ళండి. నేనైతే చేతికుట్టే మేలంటాను. దాని వదులులో గుడ్డ మెత్తగా ఒదుగుతుంది, మిషను కుట్టు బొంతను బిర్రుగా చేస్తుంది.

అంచులకు రెండున్నర అంగుళాల పట్టీ మడిచి కుట్టండి. మూలల దగ్గర రెండు వరసలు ఎక్కువ వేయండి, చిరుగు మొదలయ్యేది అక్కడే. సూర్యలంక, భీమిలి వంటి తీరాలకు వెళ్ళేవారైతే నాలుగు మూలలా అడుగువైపున అరచేయి పట్టేంత జేబులు కుట్టుకుని, అక్కడే ఇసుక నింపుకుంటే గాలికి బొంత లేవదు.

ఇక ఎన్నాళ్ళు పడుతుందన్న ప్రశ్న. చేత్తో కుట్టినా సాయంత్రం పూట రోజుకు రెండు వరుసలు కష్టమేమీ కాదు. చీరలు ఉతకడానికీ, అతకడానికీ, కచ్చా కుట్లకూ ఒక వారం వేసుకుని శివరాత్రి వెళ్ళగానే మొదలుపెడితే, ఉగాది నాటికి మీ బొంత సిద్ధంగా ఉంటుంది.