విజయవాడలో స్టిల్ట్ ప్లస్ త్రీ ఇంటికి భూకంప లోడు 4 శాతం చాలా?

విజయవాడలో మీరు కట్టే, కింద స్టిల్ట్ పార్కింగూ పైన మూడు అంతస్తులూ ఉన్న ఇంటి బరువు 500 టన్నులు, భూకంప లోడు, అంటే భూకంపంలో ఇంటిని పక్కకు తోసే బలం, 20 టన్నులు అని మీ ఇంజినీరు రాశారన్నారు. హైదరాబాదులో మీ బావగారి ఇంటికీ దాదాపు అదే శాతం వచ్చింది, ఇక్కడ ప్రమాదం ఎక్కువ కదా అని మీ అనుమానం. స్ట్రక్చరల్ డిజైన్లు చేసేవాడిగా చెప్తున్నాను, చాలా మంచి అనుమానం అండీ.

భూకంప డిజైన్‌కు వాడే జాతీయ కోడ్, 2016 నాటి ఐఎస్ 1893లో విజయవాడ మూడో ప్రమాద జోను, గుణకం 0.16. హైదరాబాదు రెండో జోను, 0.10. ఆ గుణకంలో సగాన్ని, నేల కదలిక ఇంట్లో ఎన్ని రెట్లవుతుందో చెప్పే 2.5తో హెచ్చవేసి, ఆర్ అనే సంఖ్యతో భాగిస్తారు. 12 మీటర్ల ఎత్తు, 10 మీటర్ల వెడల్పు ఇంటికి ఊగే కాలం 0.34 సెకన్లు వస్తుంది, అంత తక్కువైతే నేల ఏదైనా ఆ 2.5 మారదు. మీకు ఆర్ 5 వేశారు, 0.04 వచ్చింది. బావగారికి 3 వేసుంటారు, 0.042.

ఆర్ 5 వేయడమంటే, ఇల్లు ఠక్కున విరగకుండా సాగేలా కడతామని మాటిచ్చి లోడు తగ్గించుకోవడం. మూడో జోనులో 3 వేసే వీలే లేదు. ఆ మాట నిలబెట్టాల్సింది రాడ్ బెండింగ్ మేస్త్రీ. కాంక్రీటు ఇళ్లలో రాడ్లు ఎలా కట్టాలో చెప్పే ఐఎస్ 13920 కోడ్ ప్రకారం పిల్లరు కనీసం 300 మి.మీ. ఉండాలి. గోడలో కలిసిపోవాలని 9 అంగుళాల పిల్లర్లు పోయిస్తే ఆ 5 మీకు చెల్లదు. 300 పిల్లరైతే, బీము కలిసే చోట పైనా కిందా కనీసం 450 మి.మీ. మేర 75 మి.మీ.కో రింగు పడాలి, కొక్కెం 135 డిగ్రీలు లోపలికి వంగాలి. నేను చూసిన సైట్లలో చాలాచోట్ల 90 డిగ్రీల దగ్గరే ఆపేసి, కింద నుంచి పైదాకా 6 అంగుళాలకొకటి కట్టేస్తున్నారు. పైపెచ్చు కాంక్రీటు రాలగానే అలాంటి రింగు విచ్చుకుంటుంది. చూస్తే గుండె తరుక్కుపోతుంది.

ఇక ఆ 500 టన్నుల లెక్క. ఇంటి బరువులో లైవ్ లోడు, అంటే మనుషులు, సామాన్ల బరువు, పావు వంతే కలుపుతారు, టెర్రస్ మీదిది అసలు కలపరు. నీళ్ల ట్యాంకు మాత్రం నిండుగా ఉన్నట్టే లెక్క.

నాకు ఎక్కువ భయం మీ స్టిల్ట్ గురించే. భూకంప బలాన్ని, ఒక్కో అంతస్తు బరువును దాని ఎత్తు వర్గంతో హెచ్చవేసి, ఆ లబ్ధాల ప్రకారం పంచుతారు, అంతస్తుల బరువులు సమానమైతే 20 టన్నుల్లో సగానికి పైగా పై స్లాబుకే పోతుంది. చివరికి మొత్తం దిగేది గోడలు లేని పార్కింగు పిల్లర్లలోకే. 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో, కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో కూలినవాటిలో ఇలాంటి స్టిల్ట్ అపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి. అందుకే కోడ్ అక్కడ షియర్ వాల్స్ (పక్క బలాన్ని ఆపే కాంక్రీటు గోడలు) గానీ బ్రేసింగ్ (ఏటవాలు ఆధారాలు) గానీ పెట్టమంటోంది. మీ డ్రాయింగులో రెండు దిక్కులా అవి ఉన్నాయో లేదో అడగండి. లేకపోతే పునాది తీయకముందే మార్పించుకోండి. లిఫ్టు చుట్టూ, మెట్ల పక్కన పెడితే కార్లకు అడ్డం రావు.